గడియ తీయడం నేర్పిన అత్త

మొన్న సోమవారం పొద్దున పిల్లవాడికి బడిసంచి సర్దుతుంటే ఆళ్లగడ్డ నుంచి మామ ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది పాపా" అన్నాడు. "యాడికి పోయింది మామా, ఇంత పొద్దున్నే?" అని అడిగాను. అవతల నుంచి ఏడుపు వినబడ్డాక గానీ నాకు అర్థం కాలేదు.

వాకిలి ఊడుస్తూ కూలబడిందట. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదన్నారు. ముందురోజు సాయంత్రం వీడియో కాల్‌లో నాతో గలగలా మాట్లాడిన మనిషి. యాభై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. తలనొప్పి అని పడుకోవడం కూడా నేనెప్పుడూ చూడలేదు. నంద్యాల నుంచి బస్సులో పోతున్నంతసేపూ మామ ఏదో పొరబడ్డాడనే అనుకున్నాను. ఫోన్ తీసి ఆమె నంబరుకే చేయబోయాను కూడా.

అత్త అంటే మా నాయన చెల్లెలు. ఇంటి ముందుగదిలో చుట్టుపక్కల పసిపిల్లలకు బడి నడిపేది. ఆ బడిలో పలకలు తక్కువ, కొయ్యబొమ్మలు ఎక్కువ. కడ్డీకి తొడిగే రంగు చక్రాలు, బెజ్జాల్లో దారం దూర్చే చెక్క చేప, ఆకారం చూసి గుంటలో అమర్చే ముక్కలు. అన్నీ పక్కవీధి వడ్రంగి భాయ్ చేసిచ్చినవే. కొత్త బొమ్మ రాగానే అంచులన్నీ తన చెంపకు రాసుకుని చూసేది. గరుకు తగిలితే "ఇంగొంచెం నున్నగ రుద్దు భాయ్, పసిపిల్లోల్ల చేతులు" అని తిప్పి పంపేది.

మూడున్నరేళ్లప్పుడు మా వాడి వేళ్లలో పట్టు ఉండేది కాదు. చెంచా జారిపోయేది. చొక్కా గుండీ పట్టలేకపోయేవాడు. నంద్యాలలో చేర్చిన బడివాళ్లేమో అక్షరాలు రాయడం లేదని రోజూ ఫిర్యాదు. విషయం విని అత్త, "రాసేది తర్వాత చూస్తాంలే. ముందు వాని వేళ్లకు బలం రానీ. ఈడికి తోలకరా" అంది.

ఆ వేసవంతా ఆళ్లగడ్డలోనే ఉన్నాం. చెక్క మీద గడియ, గొళ్లెం, కొక్కెం బిగించిన బొమ్మ ఒకటి వాడి ముందు పెట్టింది. వాడు లాగలేక గింజుకుంటుంటే నేను సాయం పోయాను. "నీ చెయ్యి తీయ్ మే. నువ్వు తీస్తే వాడు యాడ నేర్చుకుంటాడు?" అంది. వాడు విసుక్కుని బొమ్మను నెట్టేసినా ఏమీ అనేది కాదు. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉండేది. కాసేపటికి వాడే మళ్లీ దగ్గరికి లాక్కునేవాడు.

ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి పిల్లవాడు లేడు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. బయటికి పరుగెత్తాను. వాడు అరుగు మీద కూర్చుని మేకపిల్లను చూస్తున్నాడు. వెనకే వచ్చిన అత్త నన్ను పక్కకు తోసి వాడిని ఎత్తుకుంది. "గడియ తీసినాడు మే! ఎవురూ చెప్పకుండానే తీసినాడు!" అని వీధి వీధంతా వినేలా అరిచింది. ఇప్పుడు వాడు రెండో తరగతి. పుస్తకం మీద తన పేరు తానే రాసుకుంటాడు. అది చూసినప్పుడల్లా నాకు ఆ అరుపే వినిపిస్తుంది.

సోమవారం నేను చేరేసరికి ఆమెను ఆ బడి గదిలోనే పడుకోబెట్టారు. బొమ్మలన్నీ గోడవారకు జరిపారు. వడ్రంగి భాయ్ పేపర్లో చుట్టిన కొత్త బొమ్మతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "నిన్న మాపటేల గూడా ఫోన్ చేసింది గదమ్మా, పొద్దున్నే తెచ్చియ్యమని" అన్నాడు నన్ను చూసి. ఆ మాటే మళ్లీ అన్నాడు. నేను బొమ్మ అందుకుని, అలవాటుగా లోపలికి తిరిగి "అత్తా" అని పిలిచాను. గదిలో అందరూ నా వైపు చూశారు.

అంతలో, కబురు తెలియని ఒక తల్లి తన మూడేళ్ల పాపను బడికి తీసుకొచ్చింది. వాకిట్లో జనాన్ని చూసి నిలువునా ఆగిపోయింది. పాప ఆగలేదు. చెల్లాచెదురుగా పడి ఉన్న పెద్దవాళ్ల చెప్పుల మధ్య కూర్చుని, తన చెప్పుల పట్టీలు తానే విప్పుకుంది. రెంటినీ జతగా ఒక పక్కన పెట్టి లోపలికి నడిచింది.