నాగవేణి రాసుకొచ్చిన పేజీ

2022 జూలై. మా పావగడలో అది వాన నెల కాదు, గాలి నెల. కిటికీ తెరిస్తే బల్ల మీది కాగితాలు లేచిపోతాయి, మూస్తే మనిషి ఉడికిపోతాడు. డిగ్రీ కాలేజీ ఆఫీసులో నేను కేస్ వర్కర్‌ని. ఒక ఫైలును మొదటి నుంచి చివరిదాకా చూసుకునే గుమాస్తాను కర్ణాటకలో అలా అంటారు. నా వంతు స్కాలర్‌షిప్ ఫైళ్ళు. అప్పటికి పందొమ్మిదేళ్ళ సర్వీసు. నా నోరు పెద్దదని పేరు. ఒక్క సంతకం తక్కువైనా కాగితాలు వెనక్కి తోసేసేదాన్ని. పిల్లలు నన్ను చూస్తే జడిసేవాళ్ళు. నిజం చెప్పాలంటే నాకది బాగానే ఉండేది.

ఆ ఏడు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేరే ఆడపిల్లలకు ఒక మెరిట్ స్కాలర్‌షిప్ పడింది. వస్తే రెండేళ్ళ చదువు, హాస్టలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మార్కుల కార్డులతో పాటు ఏం చదవాలనుకుంటున్నావు, ఎందుకు అని సొంత చేతిరాతలో ఒక పేజీ పెట్టాలి. దాని మీద కాలేజీ ఫార్వర్డింగ్ లెటర్ ఉండాలి. అంటే, ఈ పిల్ల మా పిల్లే, కాగితాలన్నీ సక్రమం అని ప్రిన్సిపాల్ పూచీ పడే ఉత్తరం.

ఆఖరి రోజు పొద్దున నాగవేణి వచ్చింది. బలసముద్రం పిల్ల. బాటనీలో కాలేజీకే ఫస్టు. అమ్మానాన్నలిద్దరూ సోలార్ ప్లాంటులో కూలి పనికి పోతారు కాబట్టి వెంట అవ్వ వచ్చింది. గొర్రెల వెంట నడిచి నడిచి నల్లబడిన మనిషి, కళ్ళు మాత్రం భలే చురుకు.

"ఇది రాకపోతే ఏం జేస్తావు?" అన్నాను కాగితాలు తిప్పుతూ.

"ప్యానెళ్ళు తుడిచే పనికి మా నాయన పేరు రాయించినాడు మేడమ్. వచ్చే నెల నుంచి పోవల్ల."

"చేతిలో గుడ్డ ఉన్నా దీని కండ్లు కింద గడ్డి మీదనే ఉంటాయమ్మా," అంది అవ్వ. "యా మేస్త్రి ఒప్పుకుంటాడు?"

పిల్ల రాసుకొచ్చిన పేజీ చూశాను. రాసింది కన్నడంలోనే, కానీ మధ్యమధ్యలో గలిజేరు, పల్లేరు, తుమ్మి అని మొక్కలకు మన తెలుగు పేర్లు. నాకు ఒళ్ళు మండింది. మా వైపు తెలుగు అంటే ఇంట్లో మాట్లాడే భాష. బడి, బ్యాంకు, తాలూకా ఆఫీసు అంతా కన్నడం. చెప్పులు వాకిట్లో విడిచినట్టు, తెలుగును ఆఫీసు గడప బయటే విడిచి వచ్చేవాళ్ళం. నేనూ అలా పెరిగినదాన్నే. మా నాన్న ఇంట్లో పలక మీద దిద్దించాడు కాబట్టి నాలుగక్షరాలు వచ్చాయి గానీ, అవి ఆఫీసులో ఏనాడూ బయటికి తీయలేదు.

"ఏంది తల్లీ ఇది? యూనివర్సిటీకి రాస్తాండావా, గొర్రెలకు రాస్తాండావా?" అని ఎర్రపెన్నుతో ఆ పేర్లన్నీ అడ్డంగా కొట్టేశాను. ఎప్పుడో నేనే తయారుచేసి పెట్టుకున్న నమూనా తీసి ముందు పడేశాను. బీద రైతు కుటుంబంలో పుట్టాను, కష్టపడి చదివి దేశానికి సేవ చేస్తాను, తమరి దయకు కృతజ్ఞురాలిని. పిల్ల దాన్ని చూసి అలాగే తన చేత్తో రాసింది. ఆ పేజీ మీదా, ఉత్తరం మీదా ప్రిన్సిపాల్ సంతకమైంది, కవరు అంటించాను, వాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయారు. సాయంత్రం నేను ఇంటికెళ్తూ స్పీడ్ పోస్టు చేస్తే సరి. ఆ రోజు తేదీ ముద్ర పడితే చాలు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. నాగవేణి పాత పేజీ బల్ల మీదే మిగిలిపోతే దాని మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని తిన్నాను. ఊరికే ఉండలేక చదవడం మొదలుపెట్టాను.

ప్యానెళ్ళు కడిగిన నీళ్ళు కింది అంచు నుంచి కారి నేల మీద ఒక గీత పడుతుందట. ఆ గీత వెంబడి పచ్చిక లేస్తుందట. ఏ వరస నిన్న కడిగారో గొర్రెలకు ముందే తెలుస్తుందట. తన అవ్వ చిన్నప్పుడు చూసి, మధ్యలో కనబడకుండా పోయిన మొక్కలు కొన్ని ఆ నీడలో మళ్ళీ లేచాయి, వాటి విత్తనాలు ఇన్నేళ్ళు ఎక్కడ పడుకున్నాయో తెలుసుకోవాలి, అని రాసింది. నా ఎర్రగీతల కింద మొక్కల పేర్లు ఇంకా కనబడుతున్నాయి.

మాది తిరుమణి. మా చేను కూడా లీజుకిచ్చేశాం, ఇప్పుడు ప్యానెళ్ళ కింద ఉంది. చదువుతూ చదువుతూ నిద్రో మెలకువో తెలియని స్థితిలోకి జారిపోయాను. అంతటా నీలంగా, నీళ్ళు నిలిచినట్టుగా ఉంది. దాని కింద మా చేను అలాగే ఉంది. మా అమ్మ శెనక్కాయ సాళ్ళ మధ్య వంగి గలిజేరాకు గిల్లి ఒడిలో వేసుకుంటోంది. చచ్చిపోయి ఎనిమిదేళ్ళయిన మనిషి, ఎండ తగలకుండా ఆ నీడలో తాపీగా నడుస్తోంది. ఆ పక్కది ఏం మొక్కమ్మా అని అడగబోతున్నాను, మాట బయటికి రావడం లేదు. ఎంతసేపు అలా ఉన్నానో. కరెంటు వచ్చి ఫ్యాను గిర్రున తిరిగేసరికి ఉలిక్కిపడ్డాను. కళ్ళు తడిగా ఉన్నాయి. నేను చేసిన పనికి సిగ్గేసింది. గట్టిగానే సిగ్గేసింది.

రెండు కావస్తోంది. నాగవేణికి ఫోన్ చేశాను. అప్పుడే ఊరు చేరారట.

"ఏమన్నా తక్కువైనాదా మేడమ్?" అంది భయంగా.

"తక్కువైంది నీ కాగితాల్లో కాదు, నా బుద్ధిలో. నువ్వు రాసుకొచ్చిందే బాగుండాది. మళ్ళీ రాస్తావా? కానీ విను. నా నమూనాతో పోయినేడు ఇద్దరికి వేరే స్కాలర్‌షిప్ వచ్చినాది. నీ పేజీకి వస్తాదో రాదో నేను చెప్పలేను. పోతే ప్లాంటు పనే. ఆలోచన చేసుకో."



"పోతే పోనీ మేడమ్, నాదే పోతాది," అంది. "మీది పెట్టి వచ్చినా, అది నాకొచ్చినట్టు గాదు."

ఆ వేళకు బస్సు లేదు. ప్యానెళ్ళు కడిగే నీళ్ళ ట్యాంకరు ఖాళీగా పావగడకు వస్తుంటే దాన్నెక్కి మూడున్నరకు దిగారు. అవ్వ కూడా వచ్చింది. పిల్ల నా బల్ల దగ్గర కూర్చుని రాస్తుంటే అవ్వ నేల మీద చతికిలబడి, "ఇంగొకటి ఉండాది సూడు, ముండ్లు కాళ్ళకు గుచ్చుకుంటాయి," అని అందిస్తోంది. నేను ప్రిన్సిపాల్ గదికి పోయి, "ఇంకో సంతకం కావల్ల సార్. తప్పు నాదే," అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "తప్పు మీదా? ఈ మాట వినడానికైనా పెట్టొచ్చు సంతకం," అని నవ్వి పెట్టారు. పోస్టాఫీసు కౌంటరు మూసేలోపు ముద్ర పడింది.

ఆ తర్వాత నెలన్నర నాకు సరిగా నిద్ర లేదు. పిల్ల బతుకుతో ఆడుకున్నానేమో అని ఒకటే గుబులు. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ పేజీ మీదే ప్రశ్నలడిగారట. ఆఖరికి జాబితాలో పేరు పడింది.

టి.సి. తీసుకోవడానికి ఇద్దరూ వచ్చినప్పుడు పట్టరాని సంతోషంతో, "అవ్వా, నువ్వు చెప్పిన పేర్లే దీన్ని గట్టెక్కించినాయి," అన్నాను.

అవ్వ నవ్వలేదు.

"అవి కాగితం మీదికి ఎక్కుతాయని నాకేం తెలుసమ్మా? తెలిసింటే మా యమ్మ చెప్పినవన్నీ గెట్టిగా పట్టుకొనుందును. సగం మరిసిపోతి."

మా అమ్మకు ఎన్ని తెలుసో నేను ఒక్కనాడూ అడగలేదు. కౌంటరు ముందుకొచ్చిన పిల్లల్ని కూడా ఏం కావాలని అడిగానే గానీ, ఏం తెలుసని అడగలేదు. పందొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి నేను నేర్చుకోవలసింది అదొక్కటే మిగిలిందని ఆ రోజు తెలిసింది.

నా కుర్చీ లాగి అవ్వను కూర్చోబెట్టాను. నాగవేణి చేతికి తెల్లకాగితం ఇచ్చాను.

"మిగిలిన సగం చెప్పవ్వా," అన్నాను.

ఆఫీసు టైమే. కౌంటరు దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అవ్వ మొదలుపెట్టింది, వాళ్ళూ విన్నారు.