బాత్రూములో మూడు రోజులు

బహ్రెయిన్ ఎండాకాలం మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: చన్నీళ్ల కుళాయి. జూన్ వచ్చిందంటే మేడమీది ట్యాంకు ఉడికిపోయి, నీలం గుర్తున్న కుళాయిలో చాయ్ పెట్టుకోదగ్గ నీళ్లు వస్తాయి. చల్లటివి కావాలంటే గీజరు స్విచ్చి ఆపేసి ఎర్ర గుర్తున్న కుళాయి తిప్పాలి. గీజరులో నిలవున్న నీళ్లే ఇంట్లోకెల్లా చల్లన. అవి రెండు బకెట్లకు మించి రావు. మేము నలుగురం.

కాబట్టి హూరాలోని మా ఒంటిగది ఫ్లాటులో బాత్రూమే అన్నిటికన్నా విలువైన స్థలం. నేనొక కట్టడాల కంపెనీలో టైమ్‌కీపర్ని. బీకాం చదివి, ఎవరు ఎన్నింటికి వచ్చారో రాసే పని. మిగతా ముగ్గురిలో ఒకాయన సంగతే ఇక్కడ అవసరం. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన షట్టరింగ్ మేస్త్రి, వయసులో పెద్ద, అందరికీ కాక. వీళ్లు గాక రెండు పిల్లులు, పెద్దది, చిన్నది. మా గదిలో డ్యూటీ లేనివి అవి రెండే.

మూడో పిల్లి నువైద్రాత్ దగ్గరి కూలీల క్యాంపు నుంచి వచ్చింది. అక్కడుంటూ మా కంపెనీలో టైల్స్ వేసే ఒకతను, నాకంటే ఆరేళ్లు చిన్న, దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి ఐదేళ్లు పెంచాడు. పని మీద రెండుసార్లు కళ్లు తిరిగి పడితే పరీక్షలు చేశారు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, అతని వీసా రద్దు చేసి టికెట్ చేతిలో పెట్టాడు. వెళ్లే రోజు అతను అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, అందులో పిల్లిని కూర్చోబెట్టుకుని మా గదికి వచ్చాడు.

"గీ క్యాంపుల ఇడిస్తె దీన్ని ఎవలు జూస్తరన్నా? నువ్వు సదువుకున్నోనివి, మంచిగ అరుసుకుంటవ్. శుక్రారం శుక్రారం ఫోన్ల సూపియ్యి, సాలు."

"సూపిస్త తీ. అది మాట్లాడ్తనంటె మాట్లాడిపిస్త," అన్నాను.

అతను నవ్వలేదు. "ఇంటికి పోతె నన్ను జూసి అందరు ఏడుస్తరన్నా. ఇదొక్కటే ఏడ్వదు," అన్నాడు.

సూది వేయించడానికి క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరమ్మ ఇంగ్లీషులో రెండు పేజీల కాగితం ఇచ్చింది. ఎదిగిన పిల్లిని పాత పిల్లుల మధ్యకు ఎలా తేవాలో అందులో ఉంది. వేరే గదిలో కనీసం రెండు వారాలు ఉంచాలి. వీటి గుడ్డలు దానికి, దాని గుడ్డ వీటికి వేసి వాసన అలవాటు చేయాలి. మూసిన తలుపుకు ఇటూ అటూ అన్నం పెట్టాలి. తర్వాతే సందులోంచి ఒకదాన్నొకటి చూడనివ్వాలి. తొందరపడొద్దని అడుగున గీత గీసి మరీ ఉంది.

దాన్ని గదిలో అందరికీ తెలుగు చేసి వినిపించాను. ఇక్కడ దిగగానే మనకు చేసినట్టే ముందు మెడికల్, తర్వాత వేలిముద్రలు, ఆ తర్వాతే కార్డు అని నా వ్యాఖ్యానం కలిపాను. బాగా నవ్వారు. ఊరికి చేరి ఫోన్ చేసినప్పుడు అతనికీ చెప్పాను.

"రెండు వారాలు పట్టనియ్యన్నా. దానికి మనుషులే ఎరుక, పిల్లులు ఎరుక లేవు," అన్నాడు.

మాకున్న వేరే గది బాత్రూమే. మూడు రోజులు కొత్త పిల్లి వాషింగ్ మెషీన్ వెనక కూర్చుని మా నలుగురి స్నానాలూ చూసింది. ఆ అనుభవం తర్వాత కూడా మూడో రోజు అన్నం ముట్టింది. అదే రోజు చిన్నది తలుపు కింది సందులోంచి కాలు దూర్చితే లోపలి నుంచి ఇంకో కాలు తగిలింది. గోళ్లు లేవు, ఉత్త కాలే. నేను చూశాను. కాగితం చెప్పినట్టే జరుగుతోందని నాకు అర్థమైంది.

మర్నాడు శుక్రవారం. మా గదిలో కొత్తగా చేరినవాడు మొదటి శుక్రవారం అందరితో కలిసి ఒకే పెద్ద పళ్లెంలో తినాలి. నన్నూ అలాగే కలుపుకున్నారు. ఆ సాయంత్రానికే ఎవరో నా చెప్పులు వేసుకుని బజారుకు వెళ్లారు. అంటే నేను ఆ గదివాణ్ణయినట్టు.

బకెట్ చేతిలో పట్టుకుని కాక అన్నాడు (ఆయనకు గల్ఫంతా దుబాయే): "మనం దుబాయికొచ్చిన్నాడు ఎవలన్న రెండు వారాలు రూమిచ్చిన్రా సారూ? ఒక్క తల్లెల కూసోవెట్టు. తింటయి, ఖలాస్. ఒక్క తల్లెల తిన్నోళ్లు కొట్లాడుకుంటరా?"

ఆ పళ్లెంలో తిన్నవాళ్లు కొట్లాడుకోవడం నేను చూశాను. ఆయనే రెండుసార్లు కొట్లాడాడు. అయినా, "కాగితం ఒప్పుకోదే కాకా," అని ఊరుకున్నాను. అందరూ నవ్వేలా అన్నాను. నవ్వేలా అన్న మాటను ఎవరూ అడ్డు అనుకోరు. ఆ గదిలో నా చోటు జోకుల మీదే నిలిచింది. గట్టిగా మాట్లాడితే నేను మళ్లీ ఆఫీసు మనిషినవుతాను. పైగా నాకూ బాత్రూము కావాలి.

ఉడికించిన చేప ముళ్లు తీసి పళ్లెంలో వేశారు. పారిపోకుండా కిటికీ, తలుపు మూశారు. బాత్రూములోంచి కొత్తదాన్ని నా చేతులతోనే తెచ్చి పళ్లెం ముందు దించాను. అది చేప వైపు చూడలేదు, నా వైపు చూసింది. పెద్ద పిల్లి దాని మీద పడింది.

ఎక్కువసేపేమీ కాదు. పళ్లెం తిరగబడేంతసేపు. కర్టెన్ ఊడింది, విడదీయబోయిన కాక చేయి మణికట్టు నుంచి చీరుకుపోయింది. మెడ దగ్గర నెత్తురుతో కొత్తది తలుపుకేసి కొట్టుకుంటుంటే ఎవరో భయపడి తలుపు తీశారు. నాలుగంతస్తుల మెట్లు దిగి, శుక్రవారం రద్దీలోకి వెళ్లిపోయింది.

రెండు రోజులు వెతికాం. కాక కట్టు కట్టిన చేత్తో ప్రతి కారు కిందా వంగి చూశాడు. ఆదివారం డ్యూటీ దిగి వస్తుంటే మా సందు ఊడ్చే అతను, "బిల్లీ ఢూండ్‌తా క్యా, భాయ్?" అని హిందీలో పిల్లి సంగతే అడిగి, చీపురుతో రోడ్డు అవతలికి చూపించాడు. అది రోడ్డు దాటుతుంటే పిల్లే కదా అని ఏ బండీ ఆగినట్టు లేదు. అట్టపెట్టెలోని తువ్వాలులోనే చుట్టి, వెనకున్న ఖాళీ జాగాలో ఇసుక తవ్వి పెట్టాం. అప్పుడు మాత్రం నాకు జోకేమీ తోచలేదు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం అతని ఊరి నుంచి ఫోన్ మోగింది. మా చిన్నది కూడా దానిలాగే బూడిద రంగుదే. వెనక నుంచి చూపిస్తే సరిపోతుందా అని ఒక నిమిషం ఆలోచించాను. అతని ముఖం తెర మీదికి వచ్చింది, బాగా ఉబ్బి ఉంది. నన్ను కాకుండా నా వెనక గదిలో వెతుకుతున్నాడు. మొత్తం చెప్పేశాను. కుళాయి, పళ్లెం, తలుపు, రోడ్డు.

కాక ఫోన్ లాక్కుని కట్టు ఉన్న చేయి చూపించాడు. "తప్పు నాదే తమ్మీ. తెల్వక జేసిన. సారును ఏమనకు."

అతను ఫోన్ నాకిమ్మన్నాడు.

"కాక తెల్వక జేసిండు," అన్నాడు. "నీకు తెలుసు గదన్నా."