మందు గొట్టంలో కందిరీగ

పొద్దున ఫోను ఛార్జింగు పెడదామని చూస్తే ప్లగ్గు రంధ్రం మట్టితో మూసి ఉంది. ఎవరో తీరిగ్గా మెత్తినట్టు నున్నగా ఉంది. మా నరసరావుపేట ఇంట్లో ఇలాంటి తాపీపని చేసేది ఒక్కరే, సన్నటి నడుము కందిరీగ. మా ఆయన చీపురుపుల్ల పట్టుకొచ్చారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దంటే, దాని వెనక ఒక మిరపతోట ఉంది.

కొన్నేళ్ల కిందట గురజాల దగ్గర మా పెద్దమ్మ కౌలుకు మిరప వేసింది. పెదనాన్న పోయాక తానొక్కతే చేసిన మొదటి సేద్యం అది. "ఆడమనిషికి మిరపేంది?" అన్నవాళ్లు ఊళ్లో చాలామందే. ఈ పంట పోతే మళ్లీ ఎవరూ తనకు పొలం ఇవ్వరని ఆమెకు తెలుసు. సాయంగా ఉందామని నేను సెలవు పెట్టి వెళ్లాను. సరిగ్గా కాయ దిగే వేళకు పచ్చపురుగు కనిపించింది. చుట్టుపక్కల తోటల్లో అప్పటికే మందు కొడుతున్నారు. ఆ వాసనకు మేం తాగే కాఫీ కూడా పురుగుమందులాగే ఉండేది. పెద్దమ్మ డ్రమ్ముకు నీళ్లు నింపి, మందు కలపబోయే ముందు ఒకసారి పంపు ఆడించి చూసింది. ఇంజను ఊరంతా వినపడేలా అరిచింది గానీ, చాన్నాళ్లుగా గోడకు వేలాడిన, మందు చిమ్మే ఇత్తడి గొట్టంలోంచి చుక్క రాలలేదు.

గొట్టం పట్టుకుని గురజాలలో మెకానిక్ భాయ్ షెడ్డుకు వెళ్లాం. "ఏందక్కా, లోపల గోడ కట్టించావా?" అంటూ ఆయన తీగ దూర్చాడు. ముందు ఎండుమట్టి రాలింది. ఆ వెనకే ఆయన అరచేతిలో పచ్చపురుగులు పడ్డాయి. మళ్లీ మట్టిగోడ, మళ్లీ పురుగులు. గొట్టం పొడవునా గదులే. పురుగులు చావలేదు, తాకితే కాస్త ఒళ్లు కదిలిస్తున్నాయి, పాకలేవు. వాటి మధ్య బియ్యపుగింజంత తెల్లటి పిల్ల ఒకటి, ఒక పురుగుకు నోరానించి తింటోంది. కుళ్లకుండా, పారిపోకుండా ఉండేలా తల్లి కందిరీగ కుట్టి తెచ్చిన తిండి. మా ఫ్రిజ్జులో కూర కూడా అంత తాజాగా ఉండదు. ఎంత ఇంజనైనా విప్పి పారేసే భాయ్ తీగ పక్కన పెట్టేశాడు. "యా అల్లా! బిడ్డకు సద్ది కట్టిపెట్టిందక్కా" అన్నాడు. పెద్దమ్మ ఒక పురుగును వెలుతురుకు తిప్పి చూసింది. "ఇయ్యి నా తోటలోయే" అంది మెల్లగా.

గొట్టం బాగుపడింది. పెద్దమ్మ మాత్రం తోటలోకి వెళ్లి మందు కలపలేదు, చీర ఎగ్గట్టి వంగి ఆకులు తిరగేయడం మొదలుపెట్టింది. నేనూ వంగాను. ఆకు అడుగున రసం పీల్చే పేనుబంక, దాని ఒంట్లోంచి కారే తీపి కోసం కాపలా కాసే చీమలు. ఆ బంకను తినడానికి వచ్చిన చుక్కల వీపు అక్షింతల పురుగును చీమలు కాళ్లు పట్టి ఈడుస్తున్నాయి. పక్క కొమ్మలో సాలీడు పచ్చపురుగును చుట్టేస్తోంది. తోక చీలిన నల్లపిట్ట వెదురుబొంగు మీంచి దూకి ఆ సాలీడునే ఎత్తుకుపోయింది. ఇంత సంత మా కాళ్లకింద జరుగుతుంటే మేం దాన్ని ఇన్నాళ్లూ మిరపతోట అనుకున్నాం. నాకు భయం లాంటి ఆశ్చర్యం వేసింది. మందు కొడితే పురుగుతో పాటు ఇదంతా పోతుంది. కొట్టకపోతే పంటే పోవచ్చు.

"ఒక్క కందిరీగ తోటను కాస్తదా పెద్దమ్మా?" అన్నాను.

"ఎందుక్కాస్తది? దాని బిడ్డ కోసం అది తెచ్చుకుంటంది. నన్నేమన్నా ఎరుగునా? ఇక్కడ తినేటోళ్లు చానామంది ఉన్నారే. రెండ్రోజులు చూద్దాం." అంది, ఇంకో ఆకు తిరగేస్తూ.

రెండ్రోజులు చూద్దామన్న మనిషి కాయ పండేదాకా చూస్తూనే ఉంది. సరిగ్గా తినలేదు, తెల్లారకముందే లేచి చెట్టు చెట్టుకూ ఆకులు తిప్పేది. కొన్ని కాయలకు తూట్లు పడ్డాయి. మిగతావి ఎర్రబడ్డాయి. కళ్లంలో ఆరబోసిన నాడు పొలం యజమాని వచ్చి, కాయ విరిచి చూసి, వచ్చే ఏడు కూడా నువ్వే చేసుకోమ్మా అన్నాడు. పెద్దమ్మ తలూపింది, ఆయన అటు వెళ్లగానే కాయల మధ్యనే కూలబడి ఏడ్చింది.

అలాంటి తెల్లటి పిల్లకు రెక్కలు వచ్చి మట్టి పగలగొట్టుకుని బయటికి వచ్చేనాటికి తల్లి బతికి ఉండడం అరుదట. ఒక్క కాయ ఎర్రబడేదాకా ఆగడానికి మనిషి ప్రాణం ఎంత కొట్టుకుంటుందో దగ్గరుండి చూసినదాన్ని. తాను ఉండని రోజుల కోసం గది తర్వాత గది కట్టుకుంటూ పోయే ఆ కందిరీగకు కాలమంటే ఏమిటో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.