పప్పన్నంలో బంగారు గొలుసు

ఆ రోజుల్లో మా శామీర్‌పేట ఆడవాళ్లంతా మండుటెండలో కూడా కొంగు మెడ చుట్టూ చుట్టుకునే బయటికి వచ్చేవాళ్లు. చలికి కాదు, బైకుల మీద వచ్చి గొలుసులు తెంపుకుపోయే దొంగలకు జడిసి. నేను అప్పుడే మేడ్చల్‌లో ఒక టైల్స్ దుకాణంలో బిల్లులు కొట్టే ఉద్యోగంలో చేరాను. ఒకరోజు సాయంత్రం అక్కడే మేనత్త కూతురి చీరల ఫంక్షన్, దుకాణం నుంచి నేరుగా అటే పోవాలి. బోసి మెడతో పోతే చుట్టాలు ఊరుకోరు (మా చుట్టాలు ముఖం కన్నా ముందు మెడ చూస్తారు). ఇంట్లో ఉన్న బంగారమంతా అమ్మ గొలుసొక్కటే. దొంగల విషయంలో మా అవ్వను మించిన పండితురాలు లేదు. "మెడల రోల్డుగోల్డుది ఏస్కో. అసలుది టిఫిన్ల అన్నం కింద వెట్టు. దొంగోడు మెడ సూస్తడు గని పప్పన్నం సూస్తడానే?" అంది.

మేడ్చల్‌లో ఆటో దిగి నడుస్తుంటే హెల్మెట్ పెట్టుకున్న ఒకడు బైకు ఆపి, "అక్కా, బస్ డిపో ఎటు?" అన్నాడు. నేను మర్యాదగా చెయ్యి చాపి చూపిస్తుండగానే మెడ మీద చెయ్యి వేశాడు. పోయేది రోల్డుగోల్డని నాకు తెలుసు, కానీ నా చేతికి తెలియలేదు. టిఫిన్ సంచీ గిరగిరా తిప్పి వాడి హెల్మెట్ మీద ఒక్కటిచ్చాను. వాడు ఉత్తుత్తి గొలుసుతో పారిపోయాడు. డబ్బా మూత ఊడి పప్పన్నం రోడ్డు మీద పరుచుకుంది. దేనితో కొట్టానో అప్పుడు గుర్తొచ్చింది.

జనం పోగయ్యారు. అన్నంలో బంగారముందని అంతమందిలో ఎలా చెప్పను? మోకాళ్ల మీద కూర్చుని మెతుకులు కెలుకుతూ ఏడవసాగాను. చేపలమ్మే ఒక పెద్దమ్మ గంప దించి, "గొలుసు పాయెనా బిడ్డా?" అంది.

"పోతే పోనియ్ పెద్దమ్మా, నా అన్నం!"

"సూసిన్రా! బంగారం పోతే రంది లేదు, అన్నం కోసం ఏడుస్తాంది. ఏ తల్లి కన్నదో!" అని ఆమె కళ్లొత్తుకుంది. గుంపులో ఉన్న ఆటో అన్న ఒకడు కరిగిపోయి, "లే చెల్లె, బిర్యానీ తినిపిస్త" అన్నాడు. ఇంకెవరో కుక్కలకు వేద్దామని అట్టముక్కతో అన్నం ఎత్తడం మొదలుపెట్టారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో పప్పు ముద్దలో గొలుసు వేలికి తగిలింది. పిడికిలి బిగిస్తే కొస బయటికి వేలాడుతోంది. ఇంకేం తోచక ముద్దంతా నోట్లో పెట్టేసుకున్నాను.

"అయ్యో, మన్ను వడ్డదే!" అంటూ పెద్దమ్మ నాకు రెండు చేతులెత్తి మొక్కింది.

"బండి నంబర్ సూసినవా?" అన్నాడు ఆటో అన్న. తలూపాను. "ఎంత?" తలూపాను.

"బుగులుకు మాట వడిపోయింది. జల్దీ నీళ్లు తాపుండ్రి!"

నీళ్ల సీసా చూడగానే లేచి దుకాణం దాకా ఒకటే పరుగు.

గొలుసును సబ్బుతో ఎంత కడిగి వేసుకున్నా, ఫంక్షన్‌లో అత్త నన్ను దగ్గరికి తీసుకుని, "పోపు వాసన వస్తాందేందే?" అంది. అవ్వ మాత్రం, "నా ఉపాయం ఎట్లున్నది!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఇప్పుడు నా కూతురికి, "ఎవడన్న గుంజితే ఇచ్చెయ్ బిడ్డా, పానం కన్న ఎక్కువనా?" అని బుద్ధులు చెబుతుంటాను. ఆ మాట ఆరోజు నాకెవరూ చెప్పలేదు. మేడ్చల్ రోడ్డు మీద పరుగెత్తుతున్న ఆ పిల్ల ఎదురుపడితే దగ్గరికి తీసుకుని, "మస్తు భయమైందా?" అని అడగాలనిపిస్తుంది. పాపం, అడిగినా చెప్పదు. నోట్లో అమ్మ గొలుసుంది కదా.