నల్లపట్టా కింద చెరువు

దేవుడు మనుషులకు కుదురును పంచిపెట్టిన రోజు ఆమె ఎక్కడో తిరుగుతూ ఉండి ఉంటుంది. ఊరికి నీళ్లిచ్చే ఆఫీసులో పరీక్షల గది ఆమెది. సీసాల్లో వచ్చిన నీటిని చుక్క చుక్కగా మైక్రోస్కోపు కింద చూడటం పని కాబట్టి అందరూ చుక్కల మేడం అంటారు. ఆ చూడటమైనా నిలబడే చూస్తుంది. టీ నడుస్తూ తాగుతుంది, అందులో సగం నేల తాగుతుంది.

తల్లి పోయాక తమ్ముణ్ణి ఆమే పెంచింది. చదువు చెప్పించింది, పెళ్లి చేసింది, చేపల చెరువులు రెండు తవ్వించింది. అక్క మాటంటే వాడు వెనకాముందూ చూడడు.

ఒక ఉదయం వాడు చిన్న చెరువు నీళ్లు సీసాలో పట్టుకొచ్చాడు. నీళ్లు పసుపురంగుకు తిరిగాయి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఆమె ఒక్క చూపు చూసింది. బంగారు రంగు కణాలు, ఒక్కోదానికి రెండు తోకలు. అవి వదిలే విషమే చేపల మొప్పలను తినేస్తోంది.

"నాచురా ఇది. ఎండ తగలకపోతే చస్తుంది. చెరువంతా నల్లపట్టా, అదే టార్పాలిన్, కప్పెయ్," అంది, అప్పటికే ఇంకో సీసా అందుకుంటూ. మిగిలిన నీళ్లను అలవాటు ప్రకారం చీకటి బీరువాలో పెట్టేసింది.

వారం తిరక్కుండా తమ్ముడు ఫోన్ చేశాడు.

"చిన్న చెరువులో చేపలన్నీ పోయాయక్కా. పోనీలే, ఆ నాచు కూడా పోతుందిగా. పెద్ద చెరువు నీళ్లూ రంగు మారుతున్నాయి. దానికీ పట్టా తెప్పించాను, ఇప్పుడే కట్టిస్తున్నా."

పెద్ద చెరువులో ఉన్నవి గుడ్లు పెట్టే తల్లి చేపలు. చేతుల్లో పెట్టుకుని పెంచినవి. అవి పోతే వాడి బతుకుతెరువే పోయినట్టు.

ఫోన్ పెట్టేశాక ఆమె గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చీకట్లో చావాల్సినవి చస్తే చేపలెందుకు పోయినట్టు? బీరువాలోని సీసా తీసి ఒక చుక్క చూసింది. చచ్చిన మడ్డి కనిపిస్తుందనుకుంది. అవి హాయిగా ఈదుతున్నాయి. ఆమె చూస్తుండగానే ఒకటి పక్కనున్న బాక్టీరియాను ఒంటికి అతికించుకుని మెల్లగా మింగేసింది.

ఎండ ఉంటే వండుకు తింటుంది, లేకపోతే వేటాడి తింటుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి మునుగుతాడంటారు గానీ ఇది మునిగే రకం కాదు. పైగా ఆ విషాన్ని విరిచేది ఎండేనని ఎప్పుడో చదివింది. ఆ ఎండను తనే ఆపించింది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది, మళ్లీ మళ్లీ చేసింది.

వాడు ఎత్తలేదు. బస్సెక్కింది. సీట్లు ఖాళీగా ఉన్నా ముందుకీ వెనక్కీ నడుస్తూనే ఉంది.

"అమ్మా, కాస్త కూర్చోండి. బస్సుకంటే ముందు మీరే చేరేలా ఉన్నారు," అన్నాడు కండక్టరు.

ఆమె వెళ్లేసరికి పెద్ద చెరువు సగం నల్లబడింది. తాడు పట్టుకున్న మరదలు నవ్వుతూ, "రండి వదినా, మీరు చెప్పినట్టే కడుతున్నాం," అంది. ఆ మాటకు ఆమె ప్రాణం చివుక్కుమంది.

"తీసేయండి. నేను తప్పు చెప్పాను."

తమ్ముడు అర్థంకానట్టు చూశాడు.

"చీకట్లోనూ బతుకుతోందిరా అది. పక్కవాటిని పట్టి తింటోంది. పట్టా వేయకపోతే చిన్న చెరువులో కొన్నైనా మిగిలేవేమో. నా తొందర వల్లే పోయాయి."

వాడు చిన్న చెరువు వైపు తిరిగి ఒకసారి చూశాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

"మరి ఇప్పుడు?"

"తల్లి చేపల్ని బోరునీళ్ల తొట్లలోకి మార్చేద్దాం. మొప్పలు తేరుకుంటాయి."

"ఇది చూసి చెప్తున్నావా అక్కా, అనుకుని చెప్తున్నావా?"

పుట్టి బుద్ధెరిగాక వాడు ఆమెను అలా అడగడం ఇదే మొదలు. చూశానని చెప్పడం ఎంతసేపు? నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అనుకునే," అంది.

వాడు తాడు వదిలేసి నడుములోతు నీళ్లలోకి దిగాడు. మొదటి చేపను రెండు చేతులతో ఎత్తి ఆమెకు అందించాడు.

"సరే, జాగ్రత్తగా పట్టుకో," అన్నాడు.