ఎడమ చేతి ముద్ద

నా కుడి చెయ్యి పోయిన సంగతి మా వాళ్లు తొందరగానే మర్చిపోయారు. నేను ఎడమ చేత్తో అన్నం తింటానన్న సంగతి మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు భివండిలో మగ్గాల పనికి పోయాడు. కొండపాక దగ్గరి మా ఊళ్లో అవ్వ ఒక్కతే ఉండేది. నేను సిద్దిపేటలో గది కిరాయికి తీసుకుని, బట్టల దుకాణంలో బిల్లులు కొట్టేదాన్ని. సెలవుకు ఇంటికొచ్చి బర్రెకు మేత కోస్తుంటే గడ్డి మిషన్ నా చేతిని మణికట్టు దాకా లాక్కుంది. గాయం మానాక దుకాణం సేటు ఫోన్ చేశాడు. కంప్యూటర్ ఒక చేత్తోనైనా కొట్టొచ్చు, బతుకమ్మ గిరాకీ మొదలయ్యేలోపు రా, లేదంటే వేరే మనిషిని పెట్టుకుంటా అన్నాడు. బ్యాగు సర్దబోయాను. అవ్వ అడ్డం నిలబడింది.

"ఏడికే పోయేది? జడ ఎవలేస్తరు? బువ్వ ఎవలు తినిపిస్తరు?"

అప్పటిదాకా అవ్వే తినిపించేది. ప్రేమే, కాదనను. కానీ పెళ్లీడుకొచ్చిన మనిషి పిచ్చుక పిల్లలాగా నోరు తెరిచి కూర్చోవాలంటే ఎంత ఒళ్లు మండుతుందో! పచ్చిపులుసు ఇంకొంచెం కలపమంటే కలపదు. నమలకముందే ఇంకో ముద్ద. పాపం, ఆమెకు పొలం పనుంటుంది. ఒకనాడు కంచం లాక్కుని ఎడమ చేత్తో కలుపుకుని తిన్నాను. అవ్వ ముఖం తిప్పుకుంది. ఆ చెయ్యి దేనికి వాడతారో తెలియనిదెవరికి?

"గట్ల తినకే. చెంచా వట్టుకోరాదు?"

పులుసన్నం చెంచాతో తింటే దవాఖాన మంచం మీదున్నట్టే ఉంటుంది నాకు. పట్టుకోలేదు.

ఆనాటి నుంచి నా పనులు నేనే చేసుకుంటానని మొండికేశాను. ఒంటి చెయ్యి తనను తాను కడుక్కోలేదు. రెండు చేతులున్నవాళ్లకు ఈ మాట తట్టనే తట్టదు. బట్టల బ్రష్‌ను నల్లా గొట్టానికి కట్టాను, తీగను పంటితో లాగి బిగించాను. దానికి సబ్బు రాసి, చేతిని రుద్దుకున్నాను. తడి బట్టను అదే నల్లాకు చుట్టి మెలిపెడితే నీళ్లన్నీ కారిపోయాయి. ఉల్లిగడ్డ కదలకుండా గుచ్చడానికి చెక్కకు మేకులు దిగగొట్టాను. మేకును కాలివేళ్ల మధ్య నిలబెట్టి కొడితే సుత్తి బొటనవేలి మీద పడింది. అమ్మో, ఆ నొప్పికి చుక్కలు కనబడ్డాయి. అయినా కొట్టాను. సల్వార్లకు నాడా తీసేసి ఎలాస్టిక్ వేయించాను. జడ మాత్రం ఎన్ని తంటాలు పడ్డా రాలేదు. మెడ దాకా కత్తిరించుకుని వచ్చాను.

చివరికి అవ్వ విసిగిపోయి అంది: "నలుగుర్ల కూసొని తిను, నా తల వంచకుంట. గప్పుడు పో సిద్దిపేటకు."

పెదనాయిన మనవడి పుట్టువెంట్రుకల దావత్ వచ్చింది. పెదనాయినంటే బాపుకు అన్న. ఆయన మాటకు మా ఇళ్లల్లో ఎదురుండదు. నేను మొదటి బంతిలోనే కూర్చున్నాను. అన్నం వడ్డించారు. చెయ్యి పెట్టానో లేదో, పెదనాయిన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"బంతిల ఎడమ చెయ్యేంది బిడ్డా? గిందరు తినే కాడ గదేం పద్ధతి? లోపటికి పో, మీ అవ్వ తినిపిస్తది."

పక్కనున్న ఆమె తన విస్తరి అవతలికి జరుపుకుంది. సిగ్గుతో కాదు, కోపంతో నా చెవులు కాలిపోయాయి.

"ఉన్నదొక్కటే చెయ్యి పెదనాయినా. గీ చేత్తోనే వండుత, గీ చేత్తోనే కడుగుత, గీ చేత్తోనే నీకు దండం వెడ్త. సబ్బుతోని రుద్ది రుద్ది కడుక్కొని కూసున్న. గీ బంతిల ఇంకెవలు సబ్బుతోని కడుక్కున్నరో అడుగు జర!"

ఎవరో కిసుక్కుమన్నారు. పెదనాయిన ముఖం ఎర్రబడింది. అప్పుడే అవ్వ మటన్ కూర బకెట్‌తో వచ్చింది. రెక్క పట్టి లేపిందంటే సిద్దిపేట లేదు, గది లేదు, బతుకంతా ఆమె చేతి ముద్దే. అవ్వ నన్ను చూసింది. అన్నం మెతుకులంటిన నా చేతిని చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది. ఆయన ముందు కొంగు కప్పుకోకుండా అవ్వ మాట్లాడగా అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

"బావా, జర పక్కకు జరుగు. నా బిడ్డకు కూరెయ్యాలె."

ఆయన జరిగాడు. అవ్వ వేసింది. బొక్కల్లో మూలుగ దాకా జుర్రుకుని తిన్నాను.

మర్నాడు సిద్దిపేట బస్సెక్కి, ఆడవాళ్లకిచ్చే ఫ్రీ టికెట్ కోసం ఆధార్ కార్డు ఎడమ చేత్తో చాపాను. కండక్టర్ ముఖం చిట్లించాడు. చిట్లించుకోనీ, నేను నా గదికి పోతున్నాను.