పాలలాంటి పాప

డెబ్బైల మొదట్లో తెనాలిలో నాకు తొలి కాన్పయింది. పాప ఒళ్లు, జుట్టు, కనురెప్పల వెంట్రుకలతో సహా పాలలా తెల్లగా ఉన్నాయి. రేపల్లె నుంచి వచ్చిన అత్తగారు చూడగానే, "ఏ దొరకి కన్నావే దీన్ని? మా గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతా!" అని వార్డంతా వినేలా అరిచింది.

డాక్టరమ్మ గబగబా వచ్చి, "నోరు అదుపులో పెట్టుకోండి. ఒంటికి రంగు రావడానికి కావలసిన ప్రోటీను ఈ పాపలో సరిగా తయారవదు. జన్యువులో లోపం. అది తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే ఇలా పుడతారు" అంది.

"మా వంశంలో లోపమా?" అంటూ అత్తగారు ఆమె మీదికి వెళ్లింది.

మావారు పాపను ఎత్తుకుని, "నా నుంచి కూడా వచ్చిందంటగా అమ్మా. అయితే నన్నూ వెళ్లగొట్టు" అన్నారు.

మేం బాపట్లలో కాపురం పెట్టాం. అత్తగారు చచ్చేదాకా పాపను ముట్టుకోలేదు. నేనూ ఆవిడను క్షమించలేదు. క్షమించాలని ఇప్పటికీ అనిపించడం లేదు.